ఎనిమిదో తరగతి లాంగ్‌టర్మ్

మా చెల్లెలి కొడుకు ఎనిమిది తప్పాడు. కేంద్ర ప్రభుత్వం వారి బడి. ఫలితాలొచ్చిన రెండు నెలల్లోపే మళ్ళీ రాయించారు. అదీ తన్నింది. మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. కోరం చాలదని కాకినాడ నుంచి వాడి పెదనాన్నగారిని కూడా రప్పించారు. తేలాల్సింది ఒక్కటే: వాణ్ణి అదే క్లాసులో ఉంచడమా, టీసీ సరిగ్గా చదవని బడి ఏదైనా వెతికి తొమ్మిదిలో కూర్చోబెట్టడమా?

"మా వంశంలో ఫెయిలైనవాడు లేడు" అన్నారు బావగారు. గోడమీద పెద్దాయన ఫొటో ఉంది. ఆయన మెట్రిక్ మీదకి మూడుసార్లు దండెత్తిన సంగతి అందరికీ తెలుసు. ఎవరూ ఫొటో వైపు చూడలేదు.

పెదనాన్నగారు చట్టం తీశారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిది పూర్తయ్యేదాకా ఎవర్నీ ఆపకూడదని ఉండేది. పిల్లలు ఎస్కలేటర్ ఎక్కినట్టు నిలబడి పైకి పోయారు. చదువు కిందే ఉండిపోయింది. 2019లో సవరించి, ఐదులోనూ ఎనిమిదిలోనూ ఆపాలో వద్దో ప్రభుత్వాల ఇష్టానికి వదిలారు. 2024 డిసెంబరులో కేంద్రం తన బడుల వరకు మళ్ళీ రాసినా తప్పినవాళ్ళని ఆపేయమంది. ఆ నిబంధనల్లోనే పరీక్ష బట్టీ మీద ఆధారపడకూడదనీ ఉంది. ట్యూషన్ మాస్టారు ఆ ముక్క కూడా వీడిచేత బట్టీ పట్టించారని విన్నాను. తప్పిన పిల్లాడు ఎక్కడ వెనకబడ్డాడో కనిపెట్టి ప్రత్యేకంగా నేర్పాలనీ ఉంది. ఆ పేరా దగ్గరికి వచ్చేసరికి కాఫీలొచ్చాయి.

"ఏడాది వేస్టు బావా, ఏడాది!" అని బావగారు తల పట్టుకున్నారు.

ఆయన పెద్దకూతురు విజయవాడలో నీట్‌కి లాంగ్‌టర్మ్‌లో ఉంది. ఇది రెండో ఏడు. ఇంటర్ పాసైన పిల్ల, అదే బైపీసీ పుస్తకాలు మళ్ళీ మొదటి పేజీ నుంచి చదువుతోంది. ఎవరడిగినా "లాంగ్‌టర్మ్" అని ఛాతీ విరిచి చెప్తారీయన. హాస్టల్‌తో కలిపి లక్షలు పోస్తే అది తపస్సు. దాదాపు ఖర్చు లేకుండా పదమూడేళ్ళవాడు అదే పని చేస్తే పరువు నష్టం.

"పోనీ, ఎనిమిదో తరగతి లాంగ్‌టర్మ్ అని చెప్పుకుందాం" అన్నాను. బావగారి మొహం వికసించింది. "అందులో ఐఐటీ ఫౌండేషన్ కూడా కలుపుతారా?"

అప్పటికి రెండు గంటలైంది. అసలు ముద్దాయి గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. వాణ్ణి ఒక్కరూ ఒక్క మాటా అడగలేదు. దగ్గరికి పిలిచాను.

"ఎక్కడరా ఇబ్బంది?"

"భిన్నాలు, మావయ్యా. ఐదు నుంచీ రావు."

"ఒకటి బై రెండుకి ఒకటి బై మూడు కలిపితే?"

"రెండు బై ఐదు."

"చూశావా, టకామని చెప్పాడు!" అన్నారు బావగారు. పెదనాన్నగారు తలూపారు. గదిలో ఎవరూ కాదనలేదు.

ఐదో తరగతిలో ఆగిపోయినవాణ్ణి ఎనిమిదిలో ఆపాలా, తొమ్మిదిలోకి తోయాలా అని ఇంకో గంట వాదించుకుని లేచాం. నిర్ణయం వచ్చే ఆదివారానికి వాయిదా పడింది. ఈసారి సిద్ధాంతిగారినీ పిలుస్తున్నారు. వచ్చే సభ్యులంతా ఆ కూడిక ఒక్కసారి ఇంట్లో చేసి చూసుకుని రావలసిందిగా మనవి.