కప్పు చూసినవా కొడుకా?

మా చిన్నోడు, కోడలు కంపెనీ ఇచ్చే ఎల్‌టీసీ పైసల మీద అండమాన్ పోయొచ్చిండ్రు. ఇద్దరే! మా రోజుల్ల గోదావరిఖనిల ఎవడన్న పెండ్లాన్ని ఒక్కదాన్నే తీస్కొని రైలెక్కితే, ఇంట్ల ఏం లొల్లయిందో అని క్వార్టర్ల లైనంత చెవులు కొరుక్కునేది. ఎల్‌టీసీ అంటే నాలుగైదు ఇండ్లోళ్లం కలిసి పోవుడు. సద్దులు, సకినాలు, కిరోసిన్ స్టౌ, ముసలోళ్లు, సంటిపిల్లలు అందరు బండెక్కాలె. రామగుండం స్టేషన్‌ల ఉత్తరం దిక్కు పోయే బండెక్కితే కాశి, దక్షిణం దిక్కుదైతే తిరుపతి. దేవుడు లేని జాగకు పైసలు పెట్టి పోవచ్చని మాకు తట్టనే లేదు. కొందరైతే ఎక్కడికి పోకుండ ఆ పైసలు బిడ్డ పెండ్లికి పెట్టుకునేటోళ్లు. అది వేరే ముచ్చట.

వీళ్లు పోయింది కూలిన గోడల కాడికి. రాస్ దీవి అంటరు, 2018ల దానికి నేతాజీ పేరు పెట్టిండ్రు. 1857 తిరుగుబాటు అయినంక ఇంగ్లీషోళ్లు ఖైదీలను ఓడలల్ల తోలుకపోయి, వాళ్లతోనే అడవి కొట్టించి, దొరలుండెటందుకు ఆ దీవి మీద బంగ్లాలు, చర్చి, నాచు చేసే హాలు కట్టించుకున్నరు. 1941 జూన్‌ల భూకంపం అచ్చి గోడలు పగిలినయి. మరుసటేడు మార్చి 23న జపానోళ్లు దిగిండ్రు, 1945 దాక వాళ్లదే రాజ్యం. ఇప్పుడు ఆ గోడలను చెట్ల వేర్లు పట్టుకొని ఉన్నయి, నడుమ జింకలు తిరుగుతున్నయి. మావోడు ఫోన్ల అది సూపెట్టి "ఎంత మంచిగున్నదో సూడు బాపూ" అంటడు. బొగ్గుబాయిల కప్పుకు అంత పగులు కనబడితే మేం తట్ట పారేసి ఉరికేటోళ్లం. గీళ్లు దానికిందనే నిలబడి సెల్ఫీ దిగిండ్రు.

తర్వాత సముద్రం ఒడ్డున జపానోళ్ల బంకరు. అది చూడంగనే నాకు పానం లేచొచ్చింది. "లోపటికి పోయినవారా? కప్పు చూసినవా? తవ్వినోళ్లెవరు?" అనడిగిన. వాడు నా మొఖం దిక్కు చూసిండు. వానిదేం తప్పు? ఓపెన్‌కాస్ట్‌ల డంపర్ నడిపెటోడు, వానికి ఆకాశమే కప్పు. నేను బదిలీ ఫిల్లర్‌గ బాయిల దిగిననాడు నా సర్దార్ ముందుగాల నేర్పింది బొగ్గు నింపుడు కాదు, కర్రతోని కప్పును కొట్టి సప్పుడు వినుడు. గట్టిగ మోగితే పని, డొల్లగ మోగితే ఎనుకకు.

తవ్వినోళ్లెవరో నేనే చెప్పిన. జపానోళ్లు అక్కడి జనాన్ని గుంజుకపోయి వెట్టి చేయించిండ్రు, విమానాలు దిగే మైదానానికి గూడ. వెట్టి అంటే ఏందో మాకు పుస్తకం సదివి తెలుసుకునే పనిలేదు, నిజాం జమానల మా తాత చేసిందే. 1943 డిసెంబర్ 30న నేతాజీ పోర్ట్‌బ్లెయిర్‌ల జెండా ఎగరేసిండు, ఆ ముచ్చట అందరికి ఎరుక. సరిగ్గ నెల తిరిగేసరికి, 1944 జనవరి 30న, అదే జపానోళ్లు గూఢచారులని చెప్పి హంఫ్రీగంజ్ కాడ 44 మందిని కాల్చి చంపిండ్రు. ఆడ గుర్తుగ స్మారకం కట్టిండ్రు. "పోయినవా?" అంటే, "ప్యాకేజీల లేదు బాపూ" అన్నడు. ప్యాకేజీల లేకపోతే వీళ్లకు లోకంలనే లేనట్టు.

మనోళ్ల సంగతి గూడ వాళ్లకు ఎవ్వడు చెప్పలే. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తోని కలిసి హైదరాబాద్‌ల ఇంగ్లీషోళ్ల రెసిడెన్సీ మీదికి దండెత్తి పోయిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను తోలింది ఆ అండమాన్‌కే. ఆయన అక్కడ్నే కన్నుమూసిండు. ఆ రెసిడెన్సే తర్వాత మన కోఠి ఉమెన్స్ కాలేజీ అయింది. మా కోడలు సదివింది దాంట్లనే!

యుద్ధం నాటి బంకరే చూడాలె అనుకుంటే విశాఖపట్నం సాలదా? 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేసినయి. ఆ కాలపు సిమెంటు బంకరు విశాఖ బీచ్‌ల ఇప్పటికి ఉన్నది. రైలెక్కితే అయిపోయేదానికి విమానం టికెట్లు దండుగ.

కోడలైతే అండమాన్‌ల రాధానగర్ బీచ్ ముచ్చట ఇడువది. తెల్లటి ఇసుక మామా, మెత్తగ ఉంటది మామా అని. ఇసుక నాకు తెల్వదా బిడ్డా? బొగ్గు తీసినంక బాయిల మిగిలిన ఖాళీకి గోదావరి ఇసుకను నీళ్లతోని కలిపి పైపులల్ల తోలి నింపేది. స్టోయింగ్ అంటరు దాన్ని. కప్పు కూలకుండ మమ్మల్ని కాపాడింది ఆ ఇసుకే. గీళ్లు దాని మీద తువ్వాల పరుసుకొని పండుకున్నరు, పైగ దానికి రూము కిరాయి!

ఫోన్ల వందల ఫోటోలున్నయి. ఏది చూసినా బంకరు మూతికి అడ్డం వీళ్ల మొఖాలే. ఒక్కదాంట్ల మా కోడలు భుజం పక్కపొంటి లోపటి కప్పు జానెడంత కనబడ్డది. పెద్దగ చెయ్యిమన్న. పొడుగ్గ గీతలెక్క ఏందో ఉన్నది, పగులో నీడో సమజైతలేదు.

"పిల్లను ముందు బయటికి రమ్మను" అన్న.

"ఇంటికచ్చి వారమాయె బాపూ" అని పడిపడి నవ్విండు.

నవ్వడా మరి, ఓపెన్‌కాస్టోడు.