అట్టపెట్టె దాకా ధన్వంతరి

తునిలో మందుల షాపాయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరూ "డాక్టరుగారూ" అంటారు. ఆయనా మొహమాటపడకుండా పలుకుతాడు. లోవ కొండెక్కి పిక్కలు పట్టేసిన భక్తుడికి జెల్లు రాసిస్తాడు. తాండవ వంతెన దాటి పాయకరావుపేట నుంచి వచ్చిన మామ్మగారికి బీపీ బిళ్లలు లెక్కపెట్టి ఇస్తాడు. మామిడిపళ్ల రోజుల్లో షుగరు పెంచుకుని వచ్చినవాడికి మాత్రం చీవాట్లు కూడా ఉచితం. రాసిన డాక్టరే మళ్లీ చదవలేని చీటీని ఈయన తలకిందులుగా పట్టుకుని చదివేస్తాడు.

ఇంతటి విద్వాంసుణ్ని ఒక్క ప్రశ్న అడగాలి. కాలం చెల్లిన మందుల్ని ఏం చేస్తారని.

"ఎక్స్‌పైరీలాండీ? రిటర్నండీ."

"ఎవరికండీ?"

"స్టాకిస్టుకండీ."

"ఆయనేం చేస్తాడు?"

"కంపెనీకి పంపుతాడండీ."

"కంపెనీవాళ్లు?"

"క్రెడిట్ నోటిస్తారండీ!"

ఆయన శాస్త్రంలో మందు అక్కడితో మోక్షం పొందుతుంది. ఆ తర్వాత దాన్ని కాల్చారో, పూడ్చారో అడగడం ఆయన దృష్టిలో చాదస్తం.

గడువు తీరిన మందుల్ని అమ్మే సరుకుతో కలపకుండా విడిగా పెట్టాలనీ, ఆ పెట్టె మీద "అమ్మకానికి కాదు" అని పెద్ద అక్షరాలతో రాయాలనీ 1945 నాటి డ్రగ్స్ రూల్స్ చెబుతున్నాయి. ఈయన దగ్గర ఆ పెట్టె ఉంది. అక్షరాలూ ఉన్నాయి. వాటి మీద పాత బిల్లు పుస్తకాలు, ఆ పైన మధ్యాహ్నం క్యారేజీ ఉంటాయి. డ్రగ్ ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారని కబురందితే క్యారేజీ లేచిపోతుంది, అక్షరాలు దర్శనమిస్తాయి.

అసలు చిక్కు స్టాకిస్టు తీసుకోని సరుకుతో. "నాలుగు బిళ్లలు చాలు బాబూ" అంటే కత్తెరతో స్ట్రిప్పు కోసి ఇస్తాడు కదా, ఒక్కోసారి తేదీ ఉన్న ముక్క మామ్మగారితో వెళ్లిపోతుంది. మిగిలిన ఆరూ అనాథలు. మూత కారిన సిరప్పు సీసాలూ ఆ కోవలోవే. బిళ్లలు చెత్త అట్టలతో కలిసి సాయంత్రం దొడ్లో అగ్గిపుల్లకి ఆహుతి. సిరప్పులు సింకులోకి.

2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు ఇలాంటి మందుల్ని పసుపు సంచి కోవలో పెట్టాయి. వాటిని కంపెనీకైనా తిప్పి పంపాలి, ఇన్సినరేటర్లోనైనా కాల్చాలి. క్యాన్సర్ మందులకైతే 1200 డిగ్రీలు దాటిన వేడి కావాలి. ఈయన దొడ్లో మంట మీద టీ మరగడమే కష్టం. పైగా స్ట్రిప్పుల్లోని పీవీసీ ప్లాస్టిక్ అలా అరకొరగా కాలితే డయాక్సిన్లు పుడతాయి. ఆ మాట చెబితే, "పసుపు సంచి ఆస్పత్రుల వాళ్లదండీ, మాది నల్ల కవరు" అంటాడు.

సింకు సంగతి ఎత్తితే పటాన్‌చెరు కథ చెప్పాలి. అక్కడ మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదులుతున్న నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ బిళ్ల మింగిన రోగి నెత్తురులో కూడా అంత ఉండదు. "అవి ఫ్యాక్టరీలండీ, నాది సీసాడు సిరప్పు" అని ఈయన జవాబు. లెక్క ప్రకారం నిజమే. కాకపోతే ఆ సీసాడు ప్రతి ఊళ్లో, ప్రతి షాపులో ఉంటుంది.

2025 మేలో కేంద్ర ఔషధ ప్రమాణాల సంస్థ ఓ మార్గదర్శక పత్రం విడుదల చేసింది. ఫెంటానిల్, ట్రమడాల్, డయాజెపామ్ లాంటి 17 మందులు ఇంట్లో మిగిలితే టాయిలెట్లో పోసి నీళ్లు వదలమంది. పొరపాటున ఇతరులు మింగితే ప్రాణం మీదికొస్తుందని ఆ జాగ్రత్త. వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చేసరికి ఆ పదిహేడూ రాలిపోయాయి. "బాత్రూంలో పొయ్యమని ఢిల్లీ వాళ్లే చెప్పారండీ" అని ఇప్పుడు ధైర్యంగా దగ్గు మందు కూడా పోసేస్తున్నాడు.

మందుల వ్యాపారుల సంఘాలతో కలిసి, జనం దగ్గర మిగిలిన మందుల్ని వెనక్కి తీసుకునే ఏర్పాట్లు చేయాలని కూడా అందులోనే ఉంది. కేరళ అదే ఏడు కోళికోడ్‌లో మొదలుపెట్టేసింది. ఆ కబురు చెబితే ఆయన కత్తెర పక్కన పెట్టి మరీ విన్నాడు.

"బాగానే ఉంది గానండీ, వాళ్లకి క్రెడిట్ నోటు ఎవరిస్తారు?"