ఆలస్యమైందా, మనుషుల్ని పెంచకండి

వినుకొండ, నూజెండ్ల, ఈపూరు, బొల్లాపల్లి వైపు నుంచి వెళ్లి హైదరాబాదులోనో బెంగళూరులోనో కోడ్ రాసుకుంటున్న పిల్లలకీ, వాళ్ల చేత పని చేయించే మేనేజర్లకీ ఈ సలహాలు. వినగానే తలకిందులుగా తోస్తాయి. ఇంట్లో చెబితే నాన్న నవ్వుతాడు, ఆఫీసులో చెబితే రేటింగ్ పోతుందేమోనని భయం వేస్తుంది. అయినా చెబుతున్నాను, వీటి మీద నాకు గట్టి నమ్మకం ఉంది.

మొదటిది, ఆలస్యమైన ప్రాజెక్టులోకి కొత్త మనిషిని తేకండి. పత్తి చేలో పెరిగినవాళ్లకి ఈ మాట మింగుడుపడదు. కాయ పగిలి ఉంది, మబ్బు పట్టింది అంటే ఇంకో ఆటో కూలీలను పిలిపిస్తాం. పదిమందికి రోజంతా పట్టే తీత ఇరవై మంది దిగితే మధ్యాహ్నానికి అయిపోతుంది. ఈ సాలులో తీసే ఆమెకి పక్క సాలులో ఏం జరుగుతోందో తెలియాల్సిన పనిలేదు. కోడ్ అలా కాదు. ఒకరు ఒకచోట మారిస్తే ఇంకొకరిది ఇంకోచోట ఆగిపోతుంది, కాబట్టి ప్రతి ఒక్కరూ మిగతా అందరితో మాట్లాడుతూనే ఉండాలి. ఐదుగురి మధ్య అలాంటి జతలు 10. పదిమందైతే 45. పైగా కొత్తగా వచ్చినవాడికి నేర్పాల్సింది ఎవరు? అప్పటికే ఊపిరాడక ఉన్న ఆ ఐదుగురే. 1960లలో ఐబీఎంలో ఓఎస్/360 తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆ అనుభవంతోనే 1975లో ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ రాశాడు. ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందని అందులో తేల్చాడు. యాభై ఏళ్లు దాటినా, గడువు దగ్గరపడగానే మన ఆఫీసుల్లో మొదట వినపడేది ‘ఇంకో ఇద్దర్ని ఇస్తాను’ అన్న మాటే. మేనేజర్ గారూ, ఇద్దర్ని ఇవ్వకండి, పనిలో రెండు తీసేయండి. ఏది లేకపోతే మీ వ్యాపారం ఆగిపోతుందో చెప్పమని క్లయింట్‌ని అడగండి. ఆగనిదల్లా తర్వాతి విడతకి నెట్టండి.

రెండోది, ‘అయిపోతుందన్నా’ అనకండి. మన పిల్లల నోట అలవాటుగా వచ్చే మాట ఇది. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని పెంచాం, వాళ్లు అదే మర్యాద టీమ్ లీడ్ దగ్గరా పాటిస్తున్నారు. తయారు కాని పని అలా బయటికి వెళ్తే ఎంత ఖరీదవుతుందో తెలియాలంటే 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలప్పుడు జరిగింది గుర్తు చేసుకోండి. పరీక్ష రాసినవాళ్లకి రాయనట్టు పడింది, మార్కులు తారుమారయ్యాయి. తప్పులు కొత్తగా పెట్టిన సాఫ్ట్‌వేర్‌లో కొన్ని, పేపర్లు దిద్దిన చోట కొన్ని. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. ఫెయిలైన అందరి జవాబు పత్రాలూ ఉచితంగా మళ్లీ చూశారు, వెయ్యిమందికి పైగా పాసయ్యారు. ఆ రోజుల్లోనే పలువురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల కోడ్ రాసేవాడికి తెర మీద కనపడేది ఒక అంకె. ఆ అంకె కోసం ఒక ఇంట్లో అందరూ ఫోను చుట్టూ కూర్చుని ఉంటారు. అందుకే కొత్త వ్యవస్థ పెట్టినప్పుడు పాతదాన్ని కనీసం ఒక విడత పక్కన నడిపించి, రెండిటి లెక్కా సరిచూడాలి. ‘ఇంకా తయారు కాలేదు’ అన్నవాణ్ణి మీటింగులో అందరి ముందూ మెచ్చుకోవాలి. పని ఎంతవరకు వచ్చిందని అడిగేముందు, ఎక్కడ భయంగా ఉందో చెప్పమనండి. జూనియర్ చేత ముందు మాట్లాడించండి. లీడ్ నోరు తెరిచాక జూనియర్ ఇక తన మాట చెప్పడు.

మూడోది, పరీక్షించేటప్పుడు మంచి పేర్లు వాడకండి. ‘జాన్ స్మిత్’తో ఏ ఫారమైనా చక్కగా పనిచేస్తుంది. ఇంటిపేరు ముందు రాసుకునే మనిషినీ, నాలుగు పదాల పేరున్న మనిషినీ, ఒకే పదం పేరున్న ముసలమ్మనీ అందులో పెట్టి చూడండి. జ్ఞానప్రసూనమ్మని తప్పకుండా పెట్టండి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చింది మన జ్ఞా అక్షరమే. ఆ ఒత్తుకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఒక గుర్తు చేరితే ఐఓఎస్ 11.2.5 దాన్ని గీయలేకపోయింది. అది మెసేజ్‌లో వస్తే ఆ యాప్ మూతపడేది, నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మొరాయించేది. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిచేశారు. కోట్లమంది రాసే లిపి అంత పెద్ద కంపెనీ పరీక్షల్లోనే జారిపోయిందంటే, మన లిపిని పరీక్షల్లో పెట్టే బాధ్యత మనది కూడా. టెస్ట్ కేసుల్లో తెలుగు పేర్లు రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నాలుగోది, పూర్తయిన పనిని అందరికీ ఒకేసారి అందించకండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు ఫైలుతో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ ఫైలు ముందు కొద్ది యంత్రాలకి వెళ్లి, కాసేపు ఆగి, తర్వాత మిగతావాటికి వెళ్లి ఉంటే నష్టం అక్కడితో ఆగేది. రాత్రంతా మేలుకుని తెల్లారేసరికి దేశమంతా పంపామని గొప్పగా చెప్పుకునే టీమ్‌కి బహుమతి ఇవ్వకండి.

చివరిది, కోడ్ రాసినవాడికంటే తీసేసినవాడికి ముందు ప్రమోషన్ ఇవ్వండి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీ 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. ఏళ్ల క్రితమే వాడకం మానేసిన కోడ్‌ని తీయకుండా వదిలేశారు. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరక, అక్కడ ఆ పాతది లేచి కూర్చుంది. కంగారులో, సరిగ్గా ఉన్న ఏడింటి నుంచీ కొత్త కోడ్ తీసేశారు, నష్టం ఇంకా పెరిగింది. మీ దగ్గరా ‘ఎవరైనా వాడుతున్నారేమో, ఉండనీ’ అని వదిలేసిన ఫైళ్లు ఉంటాయి. నెలకో పూట పూర్తిగా వాటికే ఇవ్వండి, ఆ పూట కొత్త పని ఏదీ అడగకండి.