గ్యాసు లీకా, ట్రఫుల్ నూనా?

రాజంపేటలో ట్రఫుల్ అంటే ఇన్నాళ్లూ బేకరీ కేకే. పుట్టినరోజుకు అరకిలో చాక్లెట్ ట్రఫుల్ చెప్పి, పైన పేరు రాయించి, సగం తిని సగం మొహాలకు పూసుకునేవాళ్లం. నేల లోపల పెరిగే, పుట్టగొడుగుకు చుట్టమైన ఒక శిలీంధ్రం పేరది. మట్టి అంటిన ఆ గడ్డలా కనిపించిందని కోకో పొడిలో దొర్లించిన చాక్లెట్ ఉండకు కూడా ఆ పేరే పెట్టారు. ఇవేవీ తెలియకుండానే హాయిగా బతికాం.

ఈ సంక్రాంతికి బెంగుళూరు నుంచి మా తమ్ముడి కొడుకు వచ్చాడు. హాయి పోయింది.

వాడి సంచిలో బొటనవేలంత సీసా. వైట్ ట్రఫుల్ ఆయిల్. పదహారు వందలట. ఇంట్లోనే ట్రఫుల్ వంట ఎలాగో ఫోన్లో పాఠాలు విని మరీ వచ్చాడు. పొద్దున్నే పెనం మీద కాలుతున్న ఎర్రకారం దోసె మీద నాలుగు చుక్కలు వదిలాడు. వాసన వంటిల్లు దాటి వసారాలోకి వచ్చింది. అక్కడ చిక్కుడుకాయలు ఈనె తీస్తున్న మా పెద్దమ్మ చాట కిందపడేసి పరుగెత్తింది. ముందు సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసింది.

"గ్యాసు లీకైతాంది, కిటికీ తెరవండ్రా!"

"గ్యాసు కాదు జేజీ, ట్రఫుల్!"

"ఏదైతే ఏంది, ముందు తెరువు!"

మా వాడు నవ్వాడు గానీ పెద్దమ్మ ముక్కు అబద్ధం చెప్పలేదు. వంటగ్యాసుకు సొంత వాసన లేదు. లీకైతే తెలియాలని అందులో ఈథైల్ మెర్కాప్టాన్ అనే గంధకపు రసాయనం కలుపుతారు. అంగట్లో దొరికే చాలా ట్రఫుల్ నూనెలకు వాసననిచ్చేది 2,4-డైథయాపెంటేన్. అదీ గంధకపు కుటుంబమే. అసలు తెల్ల ట్రఫుల్‌లో కూడా అది ఉంటుంది, కాకపోతే ఎన్నో వాసనల నడుమ ఒకటిగా. సీసావాళ్లు ఆ ఒక్కదాన్నే ల్యాబులో తయారుచేసి నూనెలో కలుపుతారు. శ్రుతిపెట్టె ఒక్కటి మోగించి కచేరీ అయిందన్నట్టు. మా శేషాచలం ఎర్రచందనానికి పేరులో చందనం ఉంది, వాసన లేదు. ఈ సీసాలో వాసన ఉంది, ట్రఫుల్ లేదు.

అసలు సంగతి ఇంకోటుంది. ఆ ఇంట్లో ట్రఫుల్ వండిన మనిషి ఎవరైనా ఉన్నారంటే అది పెద్దమ్మే.

రాజంపేట, కోడూరు, రాయచోటి వైపు ఏ వీధిలో తలుపు తట్టినా ఒక కువైట్ కథ బయటికొస్తుంది. పెద్దమ్మ పద్దెనిమిదేళ్లు అక్కడ ఒకరింట్లో వంట చేసింది. ఎడారిలోనూ ట్రఫుల్ ఉంది. అక్కడ దాన్ని ఫగా అంటారు. శీతాకాలపు వానలకు ముందు ఉరుములు బాగా ఉరిమితే ఇసుక కింద ఫగా ఊరుతుందని అక్కడి వాళ్ల నమ్మకం. పుట్టగొడుగుల గురించి మన అవ్వలు చెప్పే మాటే! అందులో తెల్లటిది జుబైదీ, దానికి గిరాకీ ఎక్కువ.

"ఏడు నీళ్లు కడిగినా ఇసక పోదు నాయనా. పొట్టు తీసి, ఉప్పునీళ్లలో ఉడకబెట్టి, ఎర్రగడ్డలేసి నేతిలో ఏంచి అన్నం మీద ఎయ్యాల. పంటికింద ఒక్క రేణువు తగిలిందా, ఆ పూట మేడమ్ అరుపులే."

"రుచి ఎట్లుంటాది జేజీ?"

"ఇటు ఉర్లగడ్డా కాదు, అటు మాంసమూ కాదు. వాసనంటావా, కొంచిమే. ఇట్ల గ్యాసుకంపు కొట్టదు."

ట్రఫుల్ పాఠాలు చెప్పే పండితులు మా ఊరి బస్టాండులో దిగి, కువైట్ నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్లను నలుగురిని అడిగినా పని జరిగేది. అడగరు. ఇసుక కడిగిన చేతులకు పాండిత్యం ఉంటుందని వాళ్లెవరూ ఒప్పుకోరు.

ఇటలీలోని ఆల్బా తెల్ల ట్రఫుల్ తీరు వేరు, వాసనే దాని ఆస్తి. ఓక్, హేజెల్ లాంటి చెట్ల వేళ్లను పట్టుకుని పెరుగుతుంది, కుక్కలు వాసన పట్టి చూపిస్తే తవ్వుతారు. తవ్విన గంట నుంచే ఆ ఆస్తి కరగడం మొదలు. 2004లో లండన్‌లో ఒక రెస్టారెంటు 28 వేల పౌండ్ల ట్రఫుల్‌ను భద్రంగా తాళం వేసి దాచింది, అది లోపలే కుళ్లిపోయింది.

దొరికినవాళ్లు దాన్ని నిప్పు దగ్గరికి పోనివ్వరు. పచ్చిగానే, కాగితమంత పలుచగా, తినే ముందు వేడి అన్నం మీదో, వెన్న మీదో, గుడ్డు మీదో తురుముతారు. గుడ్లతో కలిపి ఒక రాత్రి డబ్బాలో మూసిపెడితే పెంకు దాటి గుడ్డుకూ వాసన పడుతుంది. అంత సుకుమారాన్ని వెల్లుల్లి, ఎండుమిరపకాయలు నూరిన మన ఎర్రకారం మీద వేస్తే నిజం ట్రఫులైనా నోరెత్తదు. అక్కడ గెలిచింది రసాయనం గనకే వాసన వసారా దాకా వచ్చింది.

కొనేవాళ్లు సీసా వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదవండి. ఫ్లేవరనో అరోమా అనో రాసి, ట్రఫుల్ ముక్క ఊసే లేకపోతే అది అత్తరు. చెవిలో దూదికి పెట్టుకోండి, దోసె మీద వద్దు.

మిగిలిన సీసాను మా వాడు బెంగుళూరుకే పట్టుకుపోయాడు. పెద్దమ్మ ఆ రాత్రి రెగ్యులేటర్ ఇంకోసారి చూసుకున్నాకే పడుకుంది.