మూడో వాక్యం

2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఓ పక్క ఇంగ్లీషు, ఓ పక్క తెలుగు అచ్చేసిన పుస్తకాలూ వచ్చాయి. రానిదల్లా పిల్లల నోట మాటే.

ఓ జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు సారు పుస్తకం మూసి ఆట మొదలుపెట్టాడు. ఒకరు లేచి తమ గురించి మూడు వాక్యాలు చెప్పాలి. రెండు నిజం, ఒకటి అబద్ధం. మిగతావాళ్లు ఇంగ్లీషులోనే ప్రశ్నలు గుప్పించి ఆ అబద్ధాన్ని పట్టుకోవాలి. పిల్లలు దానికి ‘లై ఆట’ అని పేరు పెట్టుకున్నారు. తొలిరోజు ఎలా ఆడాలో చూపించబోయి సారే నిమిషంలో దొరికిపోయాడు.

ఆట నడుస్తుండగా ఎవరి తప్పూ దిద్దకూడదని మాత్రం ఆయన గట్టిగా అనుకున్నాడు. (మన క్లాసుల్లో సగం నోళ్లు మూతపడేది ఆ దిద్దుబాటుతోనే.) అబద్ధం బయటపడకుండా కాచుకోవాలన్న హడావిడిలో ‘ఈజ్’ పెట్టాలా, ‘ఆర్’ పెట్టాలా అన్న భయమే పిల్లలకు గుర్తొచ్చేది కాదు. దసరా సెలవులయ్యేసరికి, హాజరు పిలిచినా తలూపి ఊరుకునే వెనక బెంచీ పిల్ల కూడా వకీలులా అడ్డు ప్రశ్నలు వేస్తోంది.

తనిఖీకి వచ్చిన అధికారికి ఇదంతా నచ్చలేదు. “పాఠం మానేసి ఈ గోలేందండీ?” అన్నాడు. సారు ఆట సంగతి చెప్పాడు. “అట్లనా? అయితే నాతో ఆడించండి చూద్దాం” అంటూ ఆయన ఇంగ్లీషులో మూడు ముక్కలు చెప్పాడు. పొద్దున జీపులో వచ్చాడట. వంకాయ కూర పడదట. తన పిల్లలు సర్కారు బడిలోనే చదువుతున్నారట.

వెనక బెంచీ పిల్ల లేచింది.

“సార్, ఆన్ విచ్ డేస్ దే గివ్ ఎగ్?”

“ఎవ్రీ డే!” అన్నాడు ధీమాగా.

క్లాసంతా గొల్లుమంది. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఏయే రోజుల్లో వేస్తారో తెలియని పిల్లలు ఆ బడిలో లేరు.

అధికారికీ నవ్వాగలేదు. మంచి మనిషే పాపం. “శభాష్! మూడింట్లో సూటిగా దాన్నే ఎట్లా పట్టుకున్నావమ్మా?” అని తెలుగులో అడిగాడు.

ఆ పిల్ల మాత్రం ఇంగ్లీషు వదల్లేదు.

“ఫస్ట్ డే అవర్ సార్ ఆల్సో టోల్డ్ ద సేమ్ లై, సార్.”