చదరపు పద్యం: సటీకా తాత్పర్యం

అవతారిక

జామెట్రీ బాక్సులో, విరిగిన కోణమానిని అడుగున దొరికిన ఈ ఆటవెలదికి కర్త ఎవరో తెలియదు. పేకముక్క మీది డైమన్ గుర్తునూ, మూల మీద నిలబెట్టిన క్యారమ్ బోర్డునూ చూపి పేర్లు చెప్పమంటే, రెండూ డైమన్లేనన్న ఒక శిష్యుణ్ణి ఉద్ధరించడానికి పుట్టిందని ప్రతీతి.

మూలం

భుజము లెన్న నాల్గు పూర్తిగా సమమైన
చాలదయ్య! కోణజాడ చూడు
మడిచి చూడు పటము, మడతలే నాల్గైన
చదర మనుము, లేదు సందియంబు

ప్రతిపదార్థం

అయ్య = ఓ విద్యార్థీ; ఎన్నన్ = లెక్కించగా; భుజములు = పటపు అంచులు; నాల్గు = నాలుగూ; పూర్తిగా = స్కేలు మీద మిల్లీమీటరైనా తేడా లేకుండా; సమమైన = సమానమైనప్పటికీ; చాలదు = మార్కు పడదు; కోణజాడ = మూల కొలతను; చూడు = పరిశీలించు (పక్కవాడి కాగితంలో కాదని భావం); పటము = బొమ్మను; మడిచి చూడు = సగం మీద సగం పడేలా మడిచి పరీక్షించు; మడతలే = సరిగ్గా కుదిరిన మడతలు; నాల్గైన = నాలుగైతే; చదరము = చతురస్రము; అనుము = అని రాయి; సందియంబు = అనుమానం; లేదు = లేదు.

తాత్పర్యం

భుజాలు నాలుగూ సమానమైనంతలో పటం చతురస్రం కాదు. ఉత్త సమచతుర్భుజం కావచ్చు. కోణం 90° ఉండాలి. నాలుగు సౌష్ఠవాక్షాలు తేలితే మాత్రం అది చతురస్రమే, ఎటు తిప్పి నిలబెట్టినా సరే.

విశేషాలు

"కోణజాడ" అని ఏకవచనం వేయడం కవి పొదుపు. భుజాలన్నీ సమానమైన చతుర్భుజంలో ఎదురుకోణాలు సమానం, పక్కకోణాల మొత్తం 180°. ఒక్క కోణం 90° అని తేలితే తక్కిన మూడూ తప్పించుకోలేవు.

కోణం ఊసెత్తకుండా భుజాలే కొలిస్తే ఏమి నష్టం? నాలుగు సమానమైన పుల్లల్ని కొసల దగ్గర మేకులు కొట్టి చదరంగా పేర్చి, పక్కకు నెట్టండి. భుజాలు అవే, వైశాల్యం తరిగిపోతుంది. అందుకే భాస్కరాచార్యుడు 1150 నాటి 'లీలావతి'లో, కర్ణమో లంబమో చెప్పకుండా చతుర్భుజ వైశాల్యం అడిగేవాణ్ణి పిశాచమన్నాడు; జవాబు చెప్పేవాడు అంతకుమించిన పిశాచమట. ప్రశ్నపత్రాలు కూర్చేవారు గమనింతురు గాక.

ఇక పూర్వపక్షం. చతురస్రం దీర్ఘచతురస్రం కూడా అవుతుందా? కాదన్నాడు యూక్లిడ్. 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకం 22వ నిర్వచనంలో దీర్ఘచతురస్రానికి సమభుజాలు ఉండరాదనీ, సమచతుర్భుజానికి లంబకోణం ఉండరాదనీ గిరిగీశాడు. నేటి బడి పుస్తకం ఆ గిరి చెరిపి, చతురస్రాన్ని రెండు జాతుల్లోనూ చేర్చింది. ఎవరిది ఒప్పు?

సమాధానం మూడో పాదంలో ఉంది. దీర్ఘచతురస్రం ఎదురుభుజాల మధ్యబిందువుల మీదుగానే మడతకు ఒప్పుకుంటుంది. కర్ణం వెంట మడిస్తే మూలలు పక్కకు పొడుచుకొస్తాయి. సమచతుర్భుజం తీరు దీనికి తిరగబడి, కర్ణాల వెంటే ఒప్పుకుంటుంది. చెరి రెండు. చతురస్రానికి ఆ రెండూ ఈ రెండూ సంక్రమించి నాలుగయ్యాయి. తల్లివైపు ఆస్తీ తండ్రివైపు ఆస్తీ అనుభవిస్తూ, నేను ఏ ఇంటివాణ్ణీ కానంటే చెల్లదు. నేటి పుస్తకానిదే గెలుపు.

సమాంతర చతుర్భుజానికి సాధారణంగా ఒక్క మడతా కుదరదు కదా, దానికి సౌష్ఠవమే లేదా? ఉంది. 180° తిప్పితే అచ్చంగా తన చోటనే కూర్చుంటుంది. ఈ భ్రమణ సౌష్ఠవాన్ని కవి వదిలేయడం అజ్ఞానం వల్ల కాదు, ఆటవెలదిలో చోటు చాలక.

"మడిచి చూడు" అన్నది పరీక్ష హాలులో పనికిరాదని ఒక ఆక్షేపణ. నిజమే, ప్రశ్నపత్రం మడతపెడుతుంటే ఇన్విజిలేటరు వచ్చి నిలబడతాడు. కనుక మనసులో మడవాలని గూఢార్థం. మనసు మడత పడనివారి కోసమే మొదటి రెండు పాదాల్లో స్కేలూ కోణమానినీ విధించాడు. పునరుక్తి దోషం లేదు.

ఫలశ్రుతి

బొమ్మ చూసి పేరు మాత్రం రాసినవారికి ఒక మార్కు. కారణం కూడా రాసినవారికి రెండు. "ఇది చతురస్రం, కనుక దీర్ఘచతురస్రమూ సమచతుర్భుజమూ" అని రాసినవారికి పూర్తి మార్కులు, పేపరు దిద్దేవారు ఈ వ్యాఖ్య చదివి ఉంటే.