సారె బీరువా

మా ఇంట్లో అందరికంటే ఎక్కువ నెట్ వాడేది నేనే. వాడేదంతా నెట్ ఎంత స్పీడుగా వస్తోందో చూసుకోడానికే. షుగరున్నవాళ్లు వేలు పొడుచుకున్నట్టు పొద్దున్నే పరగడుపున ఒకసారి, టిఫినయ్యాక ఒకసారి ఫోన్లో ఆ బటన్ పొడుస్తాను. ముల్లు గిర్రున లేచి, కాసేపు ఊగి, 18 దగ్గర చతికిలబడుతుంది. నేను డబ్బు కడుతున్నది వందకి.

2023 నుంచి కేంద్ర టెలికాం శాఖ లెక్కలో సెకనుకి 2 మెగాబిట్లొస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. ఆ లెక్కన నేను తొమ్మిది బ్రాడ్‌బ్యాండ్ల ఆసామిని. అయినా మనసొప్పక కంప్లైంటిచ్చాను.

కుర్రాడొచ్చాడు. రూటర్‌కి తన ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో తగిలించాడు. 94.

"మిగతా ఆరు?"

"దారి ఖర్చులంకుల్."

అదే కేబుల్ మీద ఏదో ఫైలు దింపి చూపించమన్నాను. సెకనుకి పదకొండూ చిల్లర. పట్టుకున్నాననుకున్నాను.

"అవి మెగాబైట్లంకుల్. మేం అమ్మేవి మెగాబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు."

రూపాయి చెప్పి రెండణాలు చేతిలో పెట్టడమంటే ఇదే. మా తాతయ్య ఉంటే ఈ లెక్క చటుక్కున పట్టేసేవాడు.

ఆ తర్వాత ఫోన్ పట్టుకుని హాల్లోంచి నా గదిలోకి నడిచాడు. బీరువా దాటగానే ముల్లు పడిపోయింది. "5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ చురుకైనదే కానీ గోడలంటే దానికి నీరసం. 2.4 గోడ దాటుతుంది, కాకపోతే అపార్ట్‌మెంట్లో రూటర్లన్నీ ఆ దారిలోనే." పండక్కి విజయవాడ బస్టాండన్నమాట. "మధ్యలో ఈ ఇనుమొకటి. బీరువా జరపండంకుల్."

వంటింట్లో గిన్నెల చప్పుడాగింది.

ఆ బీరువా 1994లో మా ఆవిడతో సారెగా వచ్చింది. దాన్ని జరపడమంటే మా మామగారిని కుర్చీలోంచి లేపడమే. "ఇన్నేళ్లూ మనుషులకే అడ్డం రాలేదు, ఇవాళ గాలికి అడ్డమొచ్చిందా?" అంది గుమ్మంలోంచి. కుర్రాడు వైర్లు చుట్టుకుంటూ, రూటర్ జరపాలంటే కొత్త వైరు లాగాలనీ, దానికి మళ్లీ వస్తాననీ చెప్పి చెప్పులేసుకున్నాడు. మళ్లీ రాలేదు.

ఇక జరగాల్సింది నేనే. బోరు పాయింటు కోసం అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగేవాడిలా ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. వంటింటి గుమ్మం పక్కన, బియ్యం డబ్బా దగ్గర 91 పడింది! పింగ్ నాలుగు మిల్లీసెకన్లు. అంటే పిలిస్తే సర్వర్ అంతలో పలుకుతోంది. మా పిల్లలకి అరగంట పడుతుంది. అక్కడే చాపేసుకుని ల్యాప్‌టాప్ తెరిచాను.

"ఎలాగూ ఇక్కడే కూర్చున్నారుగా, కాస్త గిల్లి పెట్టండి" అంటూ మా ఆవిడ అరకిలో గోరుచిక్కుళ్లు పళ్లెంలో పోసి పక్కన పెట్టింది. గంటాగి వచ్చి తొంగి చూసింది.

"ఇంతేనా?"

దారి ఖర్చులన్నాను.